ప్రతి దెబ్బకూ ఒకే మాట

కొరడా లేచింది. చెళ్లున వీపు మీద పడింది.

"వందేమాతరం!"

మళ్లీ లేచింది. ఈసారి చర్మం చిట్లింది.

"వందేమాతరం!"

చేతులు కట్టేసి ఉన్న ఆ యువకుడికి ఇరవై ఏళ్లు దాటీ దాటని వయసు. కొట్టేవాడికి చెయ్యి నొప్పి పుట్టాలే గానీ, అతని నోట ఆ మాట మాత్రం ఆగలేదు. అతని నేరం ఏమిటంటే, నిజాం జైల్లో ఉండి వందేమాతరం అనడం. ఆ మాట మాన్పించాలని కొరడా దెబ్బల శిక్ష వేశారు. 24 దెబ్బలని చెబుతారు. ప్రతి దెబ్బకూ బదులుగా మళ్లీ అదే మాట!

ఆ యువకుడు మన గద్వాలలో పుట్టిన వావిలాల రామచంద్రరావు.

నడిగడ్డ మీద మూడు పెత్తనాలు

అటు కృష్ణ, ఇటు తుంగభద్ర. నడుమ గద్వాల, గట్టు, అలంపూర్. ఇదే నడిగడ్డ. గద్వాల సంస్థానం నిజాముకు లోబడి ఉండేది. నిజాం బ్రిటిష్ వారి నీడన ఉండేవాడు. హైదరాబాదు కోఠీలో కూర్చున్న రెసిడెంటు మాటకు తిరుగుండేది కాదు. పల్లెలో రైతు నెత్తిన ఇన్ని బరువులు. నలుగురు కూడి సభ పెట్టుకోవాలన్నా సర్కారు అనుమతి కావాలి. ఆ ఆంక్షకు గష్తీ నిషాన్ 53 అని పేరు.

అయినా ఈ నేల నోరు మూసుకోలేదు. ఇటిక్యాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రిక పెట్టారు. 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించారు. కత్తి పట్టకుండానే పోరాడవచ్చని చూపించిన తొలి పాఠాలవి.

1938

హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ ఇంకా పుట్టకముందే సర్కారు దాన్ని నిషేధించింది. అక్టోబరు 24న గోవిందరావు నానల్ తొలి జట్టుతో సత్యాగ్రహానికి దిగారు. ఆర్యసమాజం వాళ్లూ తమ సత్యాగ్రహం మొదలుపెట్టారు. పద్ధతి ఒక్కటే. నిషేధం ఉన్నచోట నిలబడాలి, నినాదం ఇవ్వాలి, పోలీసులొస్తే చేతులు చాచాలి. ఎదురు దెబ్బ కొట్టరాదు. ఒక జట్టు జైలుకు పోతే వెనక ఇంకో జట్టు సిద్ధం.

నవంబరు చివర్లో ఉస్మానియా హాస్టళ్లలో వందేమాతరం పాడొద్దన్నారు. విద్యార్థులు వినలేదు. చదువు పోయినా సరే, పాట మానేది లేదన్నారు. దాంతో బహిష్కరణకు గురైన వాళ్లలో చాలామందికి నాగపూర్ విశ్వవిద్యాలయం చోటిచ్చింది. తర్వాత ప్రధాని అయిన పి.వి. నరసింహారావు వారిలో ఒకరు.

రామచంద్రరావు మీద పడిన కొరడా ఆ రోజుల నాటిదే. దెబ్బ తిన్న మనిషి బతిమాలుకుంటాడు, లేదా తిట్టిపోస్తాడు. ఆయన ఆ రెండూ చేయలేదు. బతిమాలి ఉంటే సర్కారు గెలిచేది. తిట్టి ఉంటే అది ఇద్దరి మధ్య తగవుగా మిగిలేది. తల్లికి దండం పెట్టేవాణ్ని కొట్టే కొరడా మాత్రం తన అన్యాయాన్ని తానే చాటుకుంది. అహింసకున్న బలం అదే.

జైలు నుంచి బయటికొచ్చాక జనం ఆయన్ను వావిలాల అని పిలవడం మానేశారు. వందేమాతరం రామచంద్రరావు అన్నారు. తాతల నాటి ఇంటిపేరు వెనక్కి తగ్గి, ఒంటి మీద దెబ్బలతో సంపాదించుకున్న పేరు ముందుకొచ్చింది. తర్వాతి కాలంలో ఆయన ఆంధ్రప్రదేశ్ అధికార భాషా సంఘం అధ్యక్షుడయ్యారు. ఒక్క మాట కోసం దెబ్బలు తిన్న మనిషికి, జనం మాటను సర్కారు కాగితం మీదికి తెచ్చే పని దక్కింది.

ఏటికి ఆవలి ఒడ్డున

1947 ఆగస్టు 15న తుంగభద్రకు ఆవల కర్నూలులో స్వాతంత్ర్యం వచ్చింది. ఈవలి ఒడ్డున నడిగడ్డ ఇంకా నిజాం ఏలుబడిలోనే ఉంది. 1948 సెప్టెంబరు 17 దాకా, పదమూడు నెలలు, ఆ స్వాతంత్ర్యం కోసం ఎదురుచూసింది.

అందుకే గట్టులోని ఉపాధ్యాయులకు ఒక మనవి. ఈసారి సెప్టెంబరు 17న జెండా ఎగరేశాక, పిల్లలకు మిఠాయి పంచేముందు, వందేమాతరం అనే మాటను ఇంటిపేరుగా సంపాదించుకున్న మన గద్వాల బిడ్డ కథ చెప్పండి.