‘అవును’, ‘కాదు’ల వెనుక పేర్లు: చట్టసభ సభ్యుల ఓటు నమోదు – ఒక చారిత్రక పరిశీలన

ఓటరు ఐదేళ్లకొకసారి తన ప్రతినిధిని ఎన్నుకుంటాడు. ఆ ప్రతినిధి ఐదేళ్లలో ఎన్నోసార్లు ఓటరు తరఫున ఓటు వేస్తాడు. మొదటి ఓటు రహస్యం. అది పౌరునికి రక్షణ. రెండవ ఓటు బహిరంగం కావాలి. అది ప్రతినిధి బాధ్యత. ప్రజాస్వామ్య సిద్ధాంతంలో ఈ భేదం నిర్వివాదమే. అయినప్పటికీ ఒక పార్లమెంటు సభ్యుడు ఏ బిల్లుకు ‘అవును’ అన్నాడో, దేనికి ‘కాదు’ అన్నాడో తెలుసుకోగోరిన పాఠకునికి మన దేశంలో అధికార పత్రాలు చాలా సందర్భాలలో సమాధానం ఇవ్వవు. ఈ లోటుకు కారణాలను చరిత్రలో అన్వేషించడం ఈ వ్యాస లక్ష్యం.

సభ్యుల ఓట్లను పోల్చి చూడడానికి మూడు షరతులు నెరవేరాలి. సభలో ఓటు పేరుతో సహా నమోదు కావాలి. ఆ నమోదు ప్రజలకు అందుబాటులో ఉండాలి. సభ్యునికి తన పక్షంతో విభేదించే అవకాశం కొంతైనా ఉండాలి. మొదటి రెండూ లేకపోతే సమాచారమే ఉండదు. మూడవది లేకపోతే సమాచారం ఉన్నా దాని నుంచి సభ్యుని గురించి తెలిసేది స్వల్పం. బ్రిటన్, అమెరికా, భారతదేశాల అనుభవాలను ఈ మూడు షరతుల వెలుగులో చూడవచ్చు.

1. నేరం నుంచి అధికార పత్రం వరకు: బ్రిటన్

1641లో స్ట్రాఫర్డ్ ప్రభువుకు మరణశిక్ష విధించే బిల్లును కామన్స్ సభ ఆమోదించింది. దాన్ని వ్యతిరేకించిన యాభైమందికి పైగా సభ్యుల పేర్లు దేశద్రోహుల జాబితాగా వెస్ట్‌మినిస్టర్‌లో గోడకెక్కాయి. సభ్యుని ఓటు పేరుతో సహా జనంలోకి వచ్చిన తొలి ప్రసిద్ధ సందర్భాలలో ఇదొకటి. అది పారదర్శకత కోసం చేసిన పని కాదు, బెదిరింపు. కనుక సభ తన చర్చలను, ఓట్లను రహస్యంగా ఉంచుకోవడాన్ని హక్కుగా భావించిందంటే అందులో కొంత న్యాయం లేకపోలేదు. రాజు ఆగ్రహం నుంచి, గుంపు ఆగ్రహం నుంచి సభ్యుని కాపాడే గోడగా ఆ రహస్యం ఏర్పడింది. కాలక్రమంలో అదే గోడ ఓటరుకు అడ్డుగా నిలిచింది.

నాటి ఓటింగ్ పద్ధతి కూడా పేర్ల నమోదుకు అనుకూలించేది కాదు. ఒక పక్షంవారు సభలోనే కూర్చునేవారు, రెండవ పక్షంవారు బయటి లాబీలోకి వెళ్లేవారు. లెక్కించేవారికి సంఖ్య ముఖ్యం, పేరు కాదు. పత్రికలు అనధికారికంగా జాబితాలు ప్రకటించినా వాటి ప్రామాణ్యం సందేహాస్పదం.

1834 అక్టోబరులో జరిగిన అగ్నిప్రమాదంలో పాత పార్లమెంటు భవనం చాలావరకు దగ్ధమైంది. అంతకు రెండేళ్లముందే, 1832లో, సంస్కరణ చట్టం ఓటర్ల సంఖ్యను పెంచింది. కొత్త ఓటరు తన ప్రతినిధి నడవడిని తెలుసుకోగోరాడు. తాత్కాలిక సభాస్థలి పాత అలవాట్లను మార్చుకునే అవకాశమిచ్చింది. 1836లో ఇరుపక్షాల వారూ వేర్వేరు లాబీల గుండా వెళ్లడం, గుమాస్తాలు పేర్లు గుర్తించడం, ఆ జాబితాను సభే అధికారికంగా ప్రకటించడం మొదలయ్యాయి. రెండు శతాబ్దాల కిందట బెదిరింపుగా గోడకెక్కిన జాబితా అధికార పత్రమైంది. సభ్యుల ఓట్లను దీర్ఘకాలం పాటు అధ్యయనం చేయడానికి వీలైన సామగ్రి నాటినుంచే ఏర్పడుతూ వచ్చింది.

2. లెక్కకు వచ్చిన ఓటు: అమెరికా

అమెరికా రాజ్యాంగ నిర్మాతలు ఈ విషయాన్ని సభల దయాదాక్షిణ్యాలకు వదలలేదు. హాజరైన సభ్యులలో ఐదవ వంతు మంది కోరితే ‘అవును’, ‘కాదు’ల వివరాలను సభాపత్రంలో నమోదు చేయాలని 1787 నాటి రాజ్యాంగ పాఠంలోనే చేర్చారు. బహుసంఖ్యాకులు వద్దన్నా అల్పసంఖ్యాకులు కోరి పేర్లను రాయించవచ్చుననడం ఇక్కడ గమనార్హం. నమోదు అనేది గెలిచినవారి సౌకర్యం కాక, ఓడిపోతున్నవారి హక్కు అయింది.

ఈ సామగ్రిపై గణన పద్ధతులు ఇరవయ్యో శతాబ్ది ఆరంభం నుంచి పెరిగాయి. ఒక పక్షం నుంచి ఓటేసిన వారిలో పదింట తొమ్మిదివంతుల మంది ఒకే వైపు నిలిస్తే దాన్ని పక్షపు ఓటుగా పరిగణించాలని ఎ. లారెన్స్ లోవెల్ నిర్ణయించుకున్నాడు. ఆ కొలతతో ఇంగ్లండు, అమెరికా చట్టసభలను పోల్చి చూశాడు. 1836 తరువాతి జాబితాలు ఉండబట్టే పందొమ్మిదో శతాబ్ది ద్వితీయార్ధంలో బ్రిటిష్ పక్షాల కట్టుబాటు బాగా బిగిసిందని ఆయన చూపగలిగాడు. 1920లలో స్టూవర్ట్ రైస్ మరింత సులభమైన సూచికను ప్రతిపాదించాడు. ఒక పక్షంలో ‘అవును’, ‘కాదు’ ఓట్ల మధ్య తేడాను ఆ పక్షం వేసిన మొత్తం ఓట్లతో భాగించి నూరుతో గుణించడం అందలి పద్ధతి. నలభైమందిలో ముప్పైమంది అవునని, పదిమంది కాదని అంటే ఐక్యత 50. అందరూ ఒకే వైపు ఉంటే 100. సగం సగంగా చీలితే సున్న.

1947లో ఏర్పడిన ‘అమెరికన్స్ ఫర్ డెమొక్రాటిక్ యాక్షన్’ వంటి సంస్థలు కొన్ని ఓట్లను ఎంపిక చేసుకుని సభ్యులకు మార్కులు వేసే సంప్రదాయాన్ని స్థిరపరిచాయి. బ్రిటన్‌లో 2003లో మొదలైన ‘పబ్లిక్ విప్’ విషయాలవారీగా ఓట్లను గుదిగుచ్చి, ఒక విధానానికి సభ్యుడు ఎంత దగ్గరో లెక్కగట్టింది. ఈ పద్ధతులన్నిటికీ రెండు పరిమితులున్నాయి. మొదటిది ఎంపిక. ఏ ఓట్లు ముఖ్యమో నిర్ణయించేవారి దృష్టి మార్కులలో దాగి ఉంటుంది. రెండవది గైర్హాజరు. సభకు రాని సభ్యుడు అనారోగ్యంతో రాలేదా, ఇబ్బందికరమైన ఓటును తప్పించుకున్నాడా అనేది జాబితా చెప్పదు. పైన చెప్పిన అమెరికన్ సంస్థ గైర్హాజరును సభ్యునికి ప్రతికూలంగా లెక్కించేది. ఆ పద్ధతిలో మంచాన పడిన మిత్రునికీ, సభలో ఉన్న ప్రత్యర్థికీ భేదం చెరిగిపోతుంది.

3. మూజువాణి సంప్రదాయం: భారతదేశం

వలసపాలన కాలపు కేంద్ర శాసనసభ చర్చల సంపుటాలలో ఓటింగ్ జరిగినప్పుడు ఇరుపక్షాల పేర్లూ అచ్చయ్యేవి. 1928 సెప్టెంబరులో ప్రజాభద్రత బిల్లుపై ఓట్లు సరిసమానమైనప్పుడు అధ్యక్షుడు విఠల్‌భాయ్ పటేల్ తన నిర్ణాయక ఓటుతో దాన్ని తిరస్కరించాడు. ఆ రోజు ఎవరు ఎటు నిలిచారో చరిత్రకారునికి తెలుసు. పరాయి ప్రభుత్వానికి ఎదురు నిలవడం సభ్యులకు గౌరవచిహ్నం గనుక పేరు నమోదు కావడాన్ని వారు కోరుకునేవారు.

స్వతంత్ర భారత రాజ్యాంగంలోని 100వ అధికరణం హాజరై ఓటేసిన వారిలో అధిక సంఖ్యను బట్టి నిర్ణయం జరగాలంటుంది. పేర్ల నమోదు గురించి మాత్రం ఏమీ చెప్పదు. దాన్ని సభా నియమాలకు వదిలింది. లోక్‌సభ నియమాల ప్రకారం స్పీకర్ ముందుగా స్వరాన్ని బట్టి ఫలితం ప్రకటిస్తారు. ఎవరైనా సవాలు చేస్తే లాబీలను ఖాళీ చేయించి, మూడున్నర నిమిషాల తరువాత ప్రశ్నను మళ్లీ సభ ముందుంచుతారు. మళ్లీ సవాలు చేస్తే యంత్రం ద్వారానో, చీటీల ద్వారానో, లాబీల ద్వారానో ఓట్లు నమోదవుతాయి. అయితే ఓటింగును అనవసరంగా కోరుతున్నారని స్పీకర్ భావిస్తే సభ్యులను ఉన్నచోటనే లేచి నిలబడమని తలలు లెక్కించవచ్చు. అప్పుడు పేర్లు నమోదు కావు. అమెరికాలో ఐదవ వంతుకు ఉన్న హక్కు ఇక్కడ సభాపతి విచక్షణకు లోబడింది.

‘మూజువాణి’ అనే మాట హిందుస్తానీ నుంచి తెలుగులోకి వచ్చింది. నోటిమాటగా చెప్పినది అని దాని అర్థం. కాగితం మీద లేనిదనే ధ్వని అందులోనే ఉంది. 368వ అధికరణం ప్రకారం రాజ్యాంగ సవరణకు ప్రత్యేక మెజారిటీ కావాలి గనుక అక్కడ సంఖ్య తేలక తప్పదు. సాధారణ బిల్లులు మాత్రం ఎక్కువగా మూజువాణి ఓటుతోనే గట్టెక్కుతాయి. 2020 సెప్టెంబరు 20న రాజ్యసభలో వ్యవసాయ బిల్లులపై ప్రతిపక్షాలు ఓటింగ్ కోరినా అవి మూజువాణి ఓటుతోనే ఆమోదం పొందాయి. సభ్యులు తమ స్థానాలలో ఉండి కోరారా లేదా అనేది అనంతర వివాదాంశమైంది.

4. తెలుగునేల అనుభవం: మూడు సందర్భాలు

1954 నవంబరులో ఆంధ్ర రాష్ట్ర శాసనసభలో మద్యనిషేధ వివాదం నేపథ్యంలో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వంపై అవిశ్వాస తీర్మానం ఒక్క ఓటు తేడాతో నెగ్గింది. ప్రభుత్వం పడిపోయి, 1955లో మధ్యంతర ఎన్నికలు వచ్చాయి. ఫిరాయింపుల చట్టం లేని ఆ కాలంలో ప్రతి సభ్యుని నిర్ణయానికీ ప్రభుత్వాన్ని నిలిపే, కూల్చే శక్తి ఉండేది.

1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వ విశ్వాస తీర్మానం 269–270 ఓట్లతో వీగిపోయింది. అప్పటికే ఒడిశా ముఖ్యమంత్రి అయినా లోక్‌సభ సభ్యత్వం వదులుకోని గిరిధర్ గమాంగ్ ఓటు చెల్లుతుందా అనే ప్రశ్న వచ్చింది. అమలాపురం నుంచి ఎన్నికైన స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి దాన్ని ఆయన విచక్షణకే వదిలారు. ఆ ఒక్క ఓటు గురించి నేటికీ చర్చించగలుగుతున్నామంటే పేరు నమోదు కావడమే కారణం.

మూడవ సందర్భం వీటికి భిన్నం. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లును తిరస్కరించే తీర్మానాన్ని రాష్ట్ర శాసనసభ 2014 జనవరి 30న మూజువాణి ఓటుతో ఆమోదించింది. అదే బిల్లును లోక్‌సభ ఫిబ్రవరి 18న మూజువాణి ఓటుతో ఆమోదించింది. ఆ సమయంలో ప్రత్యక్ష ప్రసారం నిలిచిపోయింది. రాజ్యసభ ఫిబ్రవరి 20న అదే విధంగా ఆమోదించింది. కోట్లమంది తెలుగువారి భవిష్యత్తును నిర్ణయించిన మూడు సభా నిర్ణయాలలోనూ సభ్యులవారీ జాబితా లేదు. దశాబ్దాల తెలంగాణ ఆకాంక్షకు గొంతునిచ్చిన సభ్యుని ‘అవును’కు గానీ, సమైక్యత కోరిన సభ్యుని ‘కాదు’కు గానీ ఆ పత్రాలలో చోటు దక్కలేదు. ఉపన్యాసాలున్నాయి, ఓట్లు లేవు. విభజనను సమర్థించేవారికీ వ్యతిరేకించేవారికీ ఈ నష్టం సమానమే.

5. విప్ నీడలో సంఖ్యలు

1985లో 52వ సవరణ ద్వారా పదో షెడ్యూలు వచ్చింది. పార్టీ ఆదేశానికి విరుద్ధంగా ఓటేసినా, ముందస్తు అనుమతి లేకుండా ఓటింగుకు దూరంగా ఉన్నా, పార్టీ పదిహేను రోజుల్లో మన్నించకపోతే సభ్యత్వం పోతుంది. ఫిరాయింపుల అంగడిని అరికట్టడం దీని ఉద్దేశం. ఆ అవసరం నిజమైనదే. కాని దీనివల్ల మూడవ షరతు బలహీనపడింది. విప్ జారీ అయిన ప్రతి ఓటులోనూ రైస్ సూచిక దాదాపు ప్రతి పక్షానికీ నూరుకు చేరుతుంది. అది అభిప్రాయ ఐక్యతా, శిక్షాభయమా అన్నది సంఖ్య చెప్పలేదు. విప్‌ను విశ్వాస, అవిశ్వాస తీర్మానాల వంటి వాటికి పరిమితం చేయాలని 1990లో దినేశ్ గోస్వామి కమిటీ సూచించింది. 1992 నాటి కిహోటో హొల్లోహన్ తీర్పు షెడ్యూలును ప్రధానంగా సమర్థిస్తూనే, విప్ పరిధిని కుదించి చదవాలన్న దృష్టిని వ్యక్తం చేసింది. చట్ట పాఠం మాత్రం ఈ విషయంలో మారలేదు.

ఈ స్థితిలో మన దేశంలో సభ్యుల పనితీరును కొలిచేవారు హాజరును, ప్రశ్నలను, చర్చలలో పాల్గొన్న సందర్భాలను, ప్రైవేటు బిల్లులను లెక్కించవలసి వస్తున్నది. 2005లో ఏర్పడిన పీఆర్ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ ఇటువంటి వివరాలను క్రమంగా అందిస్తున్నది. ఇవి ఉపయోగకరమే గాని ఓటుకు ప్రత్యామ్నాయం కావు. నూరు ప్రశ్నలడిగిన సభ్యుడు కీలకమైన బిల్లుపై ఏ వైపు నిలిచాడో వాటివల్ల తెలియదు.

నమోదైన ఓటు విలువ ఎంతటిదో 2023 సెప్టెంబరు 20 నాటి మహిళా రిజర్వేషన్ సవరణ బిల్లు చూపింది. లోక్‌సభలో 454 మంది అనుకూలంగా, ఇద్దరు వ్యతిరేకంగా ఓటేశారు. ఆ ఇద్దరిలో హైదరాబాదు సభ్యుడు అసదుద్దీన్ ఒవైసీ ఒకరు. ఆయన వైఖరితో ఏకీభవించేవారు, విభేదించేవారు ఇద్దరూ దాన్ని కచ్చితంగా ఎత్తిచూపగలరు. ప్రతినిధిని మెచ్చుకోవడానికైనా నిలదీయడానికైనా ఆధారం ఇదే.

6. ముగింపు

ఓటు నమోదు చరిత్ర క్రమవికాసం కాదు. 1641లో అది బెదిరింపు, 1787లో అల్పసంఖ్యాకుల హక్కు, 1836లో సభ తనంత తానుగా అంగీకరించిన బాధ్యత. భారతదేశంలో యంత్రం ఉంది, నియమం ఉంది. వాటిని వాడవలసిన నిర్బంధం మాత్రం లేదు. యంత్రాలు లేని 1836 నాటి గుమాస్తాలు లాబీ ద్వారం దగ్గర నిలబడి చేసిన పనిని నేడు మీట నొక్కి క్షణాలలో చేయవచ్చు. కనుక అడ్డు సాంకేతికమైనది కాదు.

ప్రతి బిల్లు తుది ఆమోదానికి పేర్లతో ఓటింగును తప్పనిసరి చేస్తే మొదటి రెండు షరతులు నెరవేరుతాయి. దానికి సభా నియమాల సవరణ చాలు. మూడవ షరతుకు పదో షెడ్యూలు సవరణ కావాలి. అంతవరకు పరిశోధకుడు సభ్యుల ఓట్లను పోల్చేటప్పుడు విప్ ఉన్న ఓట్లను, లేని ఓట్లను వేరుచేయాలి. గైర్హాజరును వ్యతిరేకతగా లెక్కించకుండా విడిగా చూపాలి. ఓట్లను ఎంపిక చేసిన ప్రాతిపదికను ముందే ప్రకటించాలి. అన్నిటికీ మించి, నమోదు కాని ఓట్ల జాబితాను కూడా తయారు చేయాలి. ఒక చట్టసభ ఏయే నిర్ణయాలకు పేర్లు లేకుండా చేసిందో ఆ జాబితా చెబుతుంది. 2014 ఫిబ్రవరికి సంబంధించినంతవరకు తెలుగు చరిత్రకారునికి మిగిలిన ఆధారం అదే.