కొరియా ఆధునిక చిత్రకళ: 'స్థానిక వర్ణం' ఎవరిది?

తైలవర్ణ చిత్రకళ కొరియాకు ప్రధానంగా జపాన్ మీదుగా చేరింది. పారిస్‌లో శిక్షణ పొందిన కురొదా సెయికి టోక్యో లలితకళా పాఠశాలలో నెలకొల్పిన బోధనా పద్ధతినే కొరియా విద్యార్థులు అభ్యసించారు. వారిలో మొదటివాడైన కో హీదొంగ్ 1909లో అక్కడ చేరి 1915లో పట్టభద్రుడయ్యాడు. ఈ మధ్యలోనే, 1910లో, జపాన్ కొరియాను తన సామ్రాజ్యంలో కలుపుకున్నది. 1915 నాటి ఒక స్వీయచిత్రంలో ఆయన కొరియా పండితుల టోపీ ధరించి కనిపిస్తాడు. కొన్నేళ్లకు తైలవర్ణాలను విడిచి సిరాచిత్రణకు మళ్లాడు. దీనిని వైఫల్యంగా మాత్రమే చూడటం తొందరపాటు.

1919 మార్చి ఉద్యమానంతరం 'సాంస్కృతిక పాలన' చేపట్టిన వలస ప్రభుత్వం 1922లో జోసన్ కళాప్రదర్శనను ప్రారంభించింది. అది 1944 వరకు సాగింది. నమూనా జపాన్ ప్రభుత్వ ప్రదర్శనది. న్యాయనిర్ణేతలలో ముఖ్యులు జపనీయులే. విభాగాల పేర్లలోనూ రాజకీయం ఉన్నది. జపాన్‌లో సంప్రదాయ చిత్రణకు 'నిహొంగా', అనగా జపాన్ చిత్రం, అని పేరు. కొరియాలో అదే కోవకు 'తొంగ్యాంగ్‌హ్వా', అనగా ప్రాచ్యచిత్రం, అన్నారు. ఒకరికి దేశం పేరు దక్కగా మరొకరికి దిక్కు పేరు మిగిలింది. 'హంగుఖ్వా' (కొరియా చిత్రం) అన్న పేరు వ్యాప్తికి రావడానికి విముక్తి తర్వాత కూడా దశాబ్దాలు పట్టింది.

ఈ ప్రదర్శనలో న్యాయనిర్ణేతలు పదేపదే కోరినది 'హ్యాంగ్‌తోసెక్', అంటే స్థానిక వర్ణం. ఇ ఇన్‌సొంగ్ 1934లో ప్రదర్శించిన 'శరత్కాలంలో ఒకనాడు' ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ: ఎర్రమట్టి, గాఢనీలాకాశం, వాడిన మొక్కలు, వాటి నడుమ అర్ధనగ్న యువతి, పక్కన ఒక బాలిక. కోల్పోయిన నేలపై మమకారాన్ని ఇందులో చూసినవారున్నారు; పాలకుల దృష్టికి అనుగుణంగా గీసినదన్నవారూ ఉన్నారు. మొదటి వాదాన్ని తోసిపుచ్చలేము. అయితే నాటి కొరియా పల్లెలో యువతి పొలంలో ఆ విధంగా కనిపించడం ఊహకందదు. మట్టి కొరియాదే, ఆ దేహం మాత్రం గోగాఁ తహితీ చిత్రాల నుండి వచ్చినది.

1945 తర్వాత పాలకులు మారినా వ్యవస్థ నిలిచింది. 1949లో మొదలైన జాతీయ ప్రదర్శన పాత పద్ధతినే చాలావరకు అనుసరించింది. దానిపై అసంతృప్తితో యువచిత్రకారులు 1957 నుండి ఫ్రాన్సుకు చెందిన అన్‌ఫార్మెల్ ధోరణి వైపు మొగ్గారు. ఈసారి ఎంపిక వారిదే. కాగా 1975లో పార్క్ సొబో మొదలైన ఐదుగురి చిత్రాలను టోక్యో గ్యాలరీ 'ఐదు తెలుపులు' అన్న భావనతో ప్రదర్శించినప్పుడు పాత ప్రశ్న తిరిగి వచ్చింది. తెలుపును కొరియన్ల శోకచిహ్నంగా జపాన్ రచయిత యనగి మునెయొషి వలసకాలంలోనే వ్యాఖ్యానించి ఉన్నాడు.