పొగగొట్టం, బ్రష్షు, బాలుడు

ఇంగ్లండులో పాత ఇంటి పొగగొట్టాన్ని సొంతంగా శుభ్రం చేసుకోదలచినవారికి కావలసిన సరంజామా పెద్దదేమీ కాదు: ఒక గుండ్రని బ్రష్షు, ఒకదానికొకటి మరతో బిగించుకునే వంగే కడ్డీలు. పొయ్యి ముందు గుడ్డ కట్టి, దాని సందులోంచి బ్రష్షును పైకి నెడుతూ, కడ్డీకి కడ్డీ చేరుస్తూ పోవాలి. తిప్పడం ఎప్పుడూ కుడివైపుకే. ఎడమకు తిప్పితే మర ఊడి బ్రష్షు గొట్టంలోనే ఉండిపోతుంది. చివరికి ఎవరో ఒకరు వీధిలోకి వెళ్లి, ఇంటికప్పు మీద బ్రష్షు తల బయటపడిందో లేదో చూసి చెప్పాలి. ఈ పనిముట్టు ఇంచుమించు ఇదే రూపంలో 1828 నాటికే ఉంది. అయినా ఆ తరువాత మరో 47 ఏళ్లపాటు ఈ పనిని పసిపిల్లల చేత చేయించారు.

దీనికి మూలం బొగ్గు. కట్టెల పొయ్యికి వెడల్పాటి గొట్టం ఉండేది. బొగ్గు వాడకం పెరిగాక, పొగను బాగా లాగడానికి గొట్టాలను ఇరుకుగా కట్టారు. సాధారణ కొలత 14 అంగుళాలకు 9 అంగుళాలు. కొన్నిచోట్ల 9కి 9 మాత్రమే. పెద్ద భవనాల్లో ఇవి గోడల లోపల వంకరలు తిరుగుతూ పోయేవి. మసి పేరుకుంటే గొట్టానికే నిప్పంటుకునే ప్రమాదం ఉంది. అందుచేత ఐదారేళ్ల పేదపిల్లలను పనివారి దగ్గర శిష్యులుగా పెట్టి లోపలికి ఎక్కించేవారు. వారు మోచేతులూ మోకాళ్లూ గోడకు తన్నిపెట్టి పాకేవారు. చర్మం కాయ కట్టేదాకా ఉప్పునీళ్లు పెట్టి రుద్దేవారు. మలుపులో ఇరుక్కుని ఊపిరాడక పోయినవారూ ఉన్నారు. బతికి పెద్దయినవారిలో కొందరికి వృషణాల తిత్తికి వచ్చే వ్యాధికి మసే కారణమని పెర్సివల్ పాట్ అనే శస్త్రవైద్యుడు 1775లో రాశాడు. వృత్తి మూలంగా వచ్చే క్యాన్సర్‌ను వైద్యశాస్త్రం గుర్తించడం అదే మొదలు.

ఎనిమిదేళ్లలోపు పిల్లలను ఈ పనిలో పెట్టరాదని 1788లో చట్టం వచ్చింది. అమలు చేసే నాథుడు లేడు. పిల్లల అవసరమే లేకుండా చేయాలని 1803లో లండన్‌లో ఒక సంఘం ఏర్పడి యంత్రానికి బహుమతి ప్రకటించింది. జార్జ్ స్మార్ట్ బోలు కడ్డీల గుండా తాడు పోనిచ్చి బిగించే బ్రష్షు తయారుచేశాడు. 1828లో జోసెఫ్ గ్లాస్ దాన్ని మెరుగుపరచి, బెత్తపు కడ్డీలకు ఇత్తడి మరలు అమర్చాడు.

మరి అడ్డేమిటి? బ్రష్షుతో తివాచీల మీద మసి పడుతుందని ఇంటివారు, మలుపులు శుభ్రపడవని పనివారు అన్నారు. పిల్లలను ఎక్కించడాన్ని నిషేధించే బిల్లును 1819లో ప్రభువుల సభ తోసిపుచ్చింది. ఆ ఏడాదే సిడ్నీ స్మిత్ ఎడింబరో రివ్యూలో ఈ పిల్లల దుస్థితిని కళ్లకు కట్టినట్టు రాశాడు. రాసి, పాత ఇళ్ల గొట్టాలకు మరో దారి లేదు గనుక బిల్లును తోసిపుచ్చడం సబబేనని తేల్చాడు! అంత చూసిన కన్ను అక్కడ మూసుకోవడం ఆశ్చర్యమే. బ్రష్షు తిరగని గొట్టాలు కొన్ని ఉన్న మాట నిజం. కాని మలుపు దగ్గర గోడకు చిన్న తలుపు పెడితే బ్రష్షు అక్కడికీ చేరేది. ఆ ఖర్చు ఇంటి యజమానిది. పిల్లవాడు అంతకంటె చవక.

ఇరవయ్యొక్క ఏళ్లలోపువారెవరూ గొట్టం ఎక్కరాదని 1840 చట్టం చెప్పింది. అదీ కాగితం మీదే మిగిలింది. 1864లో మరొకటి వచ్చింది, ఫలితం అంతే. 1875 ఫిబ్రవరిలో కేంబ్రిడ్జ్ దగ్గరి ఫుల్బోర్న్‌లో, మానసిక చికిత్సాలయపు గొట్టంలోకి పంపిన జార్జ్ బ్రూస్టర్ అనే 11 ఏళ్ల బాలుడు ఇరుక్కుపోయాడు. గోడ పగలగొట్టి బయటికి తీశారు గాని ప్రాణం దక్కలేదు. యజమానికి ఆరు నెలల కఠినశిక్ష పడింది. షాఫ్ట్స్‌బరీ ప్రభువు ఆ మరణాన్ని ముందుపెట్టి అదే సంవత్సరం కొత్త చట్టం తెచ్చాడు. ఈ పని చేసే ప్రతివాడూ ఏటా పోలీసుల దగ్గర లైసెన్సు పొందాలన్నది అందులోని కీలకం. తన జీవనోపాధి పోలీసు చేతికి చిక్కాక గాని పనివాడు పిల్లవాణ్ని వదిలి బ్రష్షు పట్టలేదు.

లండన్‌లో తెలుగువారు కాపురముండే విక్టోరియా కాలపు వరస ఇళ్లలో ఆ పొయ్యిలు చాలావరకు మూతపడ్డాయి. మళ్లీ తెరిచి వాడుకోదలచినవారు ముందుగా గొట్టాన్ని తుడిపించాలి. లోపల పక్షిగూళ్లూ ఉండవచ్చు. బెత్తానికి బదులు ఇప్పుడు ప్లాస్టిక్ కడ్డీలు వచ్చాయి. బ్రష్షు కప్పు మీద తల ఎత్తడం చూడడానికి వీధిలోకి పరుగెత్తేది మామూలుగా ఆ ఇంటి పిల్లలే.