ఎర్ర టోపీ సెనేటర్ క్వాంక్వాసో: నీటి ఇంజినీరు నుంచి అధ్యక్ష పోటీ దాకా

నైజీరియా ఉత్తరాన కానో నగరంలో ఎన్నికల సభ జరిగితే దూరం నుంచే తెలిసిపోతుంది, అది ఎవరి సభో. తెల్లటి బట్టలు, నెత్తిన ఎర్ర టోపీలు కనిపిస్తే వాళ్లు రబియు మూసా క్వాంక్వాసో మనుషులు. పార్టీ ఏదైనా కావచ్చు, టోపీ మాత్రం అదే. ఈ ఉద్యమాన్ని అక్కడ ‘క్వాంక్వాసియా’ అంటారు.

క్వాంక్వాసో 1956 అక్టోబరు 21న కానో రాష్ట్రంలోని క్వాంక్వాసో అనే ఊరిలో పుట్టారు. ఊరి పేరే ఇంటి పేరయింది. తండ్రి ఊరి పెద్ద. కడూనా పాలిటెక్నిక్‌లో చదివి, తర్వాత ఇంగ్లండ్ వెళ్లి లఫ్‌బరో విశ్వవిద్యాలయంలో నీటి ఇంజినీరింగ్‌లో మాస్టర్స్ చేశారు. కానో రాష్ట్ర జలవనరుల సంస్థలో 17 ఏళ్లు ఉద్యోగం. అన్నట్టు, ఆయనకు డాక్టరేట్ వచ్చింది మన దేశంలోనే. గ్రేటర్ నోయిడాలోని శారదా విశ్వవిద్యాలయం నుంచి 2022లో, అదే నీటి ఇంజినీరింగ్‌లో.

రాజకీయాల్లోకి 1992లో వచ్చారు. ఎస్‌డీపీ టికెట్ మీద ప్రతినిధుల సభకు గెలిచి, డిప్యూటీ స్పీకర్ కూడా అయ్యారు. ఏడాది తిరక్కుండానే సైన్యం పార్లమెంటును రద్దు చేసింది. మళ్లీ ఎన్నికల పాలన వచ్చిన 1999లో పీడీపీ తరఫున కానో గవర్నరయ్యారు.

ఆ మొదటి విడతలోనే పెద్ద పరీక్ష ఎదురైంది. జంఫారా రాష్ట్రం షరియత్ చట్టాలు తెచ్చాక ఉత్తరాది అంతా అదే డిమాండ్. కానోలో జనం రోడ్ల మీదికి వచ్చారు. 2000లో క్వాంక్వాసో ప్రభుత్వం కూడా షరియత్‌ను ప్రకటించింది. కానీ ఆయన మనస్ఫూర్తిగా చేయలేదనీ, ఒత్తిడికి తలొగ్గి చేశారనీ ప్రత్యర్థులు ప్రచారం చేశారు. 2003లో ఇబ్రహీం షెకరావు అనే మాజీ ఉపాధ్యాయుడి చేతిలో ఓడిపోయారు. ఓడిన వెంటనే అధ్యక్షుడు ఒబసాంజో ఆయన్ని రక్షణ మంత్రిని చేశారు.

ఈరోజు జనం గుర్తుపెట్టుకున్నది మాత్రం 2011లో మళ్లీ గవర్నరయ్యాక చేసిన పనులనే. బడి ఫీజులు లేవు, ప్రాథమిక పాఠశాలల్లో యూనిఫాం, మధ్యాహ్న భోజనం ఉచితం. పేదింటి పిల్లలు రెండు వేలకు పైగా మందిని ప్రభుత్వ ఖర్చుతో విదేశాలకు పంపారు. ఎవరికో చుట్టాలైతేనే విదేశీ చదువు అనుకునే చోట ఇది చిన్న విషయం కాదు. అయితే ప్రభుత్వం మారాక ఆ పిల్లల్లో కొందరికి కష్టం వచ్చిపడింది. సైప్రస్‌లో వైద్య విద్య పూర్తి చేసిన కొందరికి ఫీజు బకాయిల వల్ల ఏళ్ల తరబడి సర్టిఫికెట్లు చేతికి రాలేదు.

మరో పథకం మన ఇళ్లలో కూడా చర్చించదగినది. వితంతువులకు, తలాఖ్ అయిన ఆడవాళ్లకు ప్రభుత్వమే నికాహ్‌లు జరిపించింది. దీన్ని ‘ఔరెన్ జవరావా’ అన్నారు. హిస్బా బోర్డు సంబంధాలు చూసేది, వైద్య పరీక్షలు చేయించేది. మెహర్, ఇంటి సామాను ఖర్చు సర్కారుది. 2013 డిసెంబరులో ఒకేసారి వెయ్యికి పైగా జంటలకు నికాహ్ అయింది. బోర్డుకు చెప్పకుండా తలాఖ్ ఇవ్వకూడదని వరుళ్లకు షరతు పెట్టారు. ఆ షరతు లేకపోతే ఈ పథకానికి అర్థమే లేదు.

అదే 2013లో పీడీపీని వదిలిన ఐదుగురు గవర్నర్లలో ఆయన ఒకరు. ఏపీసీలో చేరి, 2014 డిసెంబరులో ఆ పార్టీ అధ్యక్ష అభ్యర్థిత్వానికి పోటీపడి, ముహమ్మదు బుహారీ తర్వాత రెండో స్థానంలో నిలిచారు.

2015లో కానో సెంట్రల్ నుంచి సెనేట్‌కు వెళ్లారు. సెనేట్‌లో ఉన్నవి 109 సీట్లే. ఒక్కో రాష్ట్రానికి మూడు, రాజధాని ప్రాంతానికి ఒకటి. సెనేటర్‌గా ఉన్న నాలుగేళ్లు ఎక్కువగా సొంత ఊరి గొడవలతోనే గడిచాయి. తన దగ్గర డిప్యూటీగా పనిచేసి గవర్నరయిన అబ్దుల్లాహి గండుజేతో పూర్తిగా చెడింది. ఎంతగా అంటే, 2018 జనవరిలో గొడవలు జరుగుతాయని పోలీసులు చెప్పడంతో తన నియోజకవర్గానికి తానే వెళ్లే పర్యటన వాయిదా వేసుకోవాల్సి వచ్చింది. అదే ఏడాది మళ్లీ పీడీపీకి, 2022లో అక్కడి నుంచి ఎన్‌ఎన్‌పీపీకి మారారు.

2023 అధ్యక్ష ఎన్నికల్లో ఎన్‌ఎన్‌పీపీ అభ్యర్థిగా ఆయన చెప్పిన హామీల్లో చదువుదే పెద్ద పీట. పాఠశాల చివరి పరీక్షలకు, యూనివర్సిటీ ప్రవేశ పరీక్షకు ఫీజు ఉండదు. ప్రవేశ పరీక్ష మార్కులు ఒక్క ఏడాదికి కాకుండా నాలుగేళ్లు చెల్లుతాయి. భద్రత కోసం సైన్యాన్ని పది లక్షలకు పెంచుతామన్నారు. అంతమందికి జీతాలెక్కడి నుంచి వస్తాయని విమర్శకులు అడిగారు, అడగాల్సిన ప్రశ్నే. ఉపాధ్యక్ష అభ్యర్థిగా దక్షిణాదికి చెందిన క్రైస్తవ బిషప్ ఐజాక్ ఇదహోసాను నిలబెట్టారు.

ఫలితం: నాలుగో స్థానం. దేశం మొత్తం మీద దాదాపు 15 లక్షల ఓట్లు వస్తే, అందులో దాదాపు 10 లక్షలు ఒక్క కానోవే! ఆయన బలం, బలహీనత రెండూ ఈ లెక్కలోనే ఉన్నాయి.

ఆయనపై ఆరోపణలూ ఉన్నాయి. గవర్నరుగా పింఛను నిధులను ఇళ్ల నిర్మాణానికి మళ్లించారన్న ఫిర్యాదుపై 2021 అక్టోబరులో ఆర్థిక నేరాల కమిషన్ ప్రశ్నించింది. ఆయన ఆ ఆరోపణలను ఖండించారు.

గవర్నరు పదవికి మాత్రం 2023లో ఆయన శిష్యుడు అబ్బా కబీర్ యూసుఫ్ గెలిచారు. కింది కోర్టులు ఆ ఎన్నిక చెల్లదన్నా, 2024 జనవరిలో సుప్రీంకోర్టు చెల్లుతుందని తేల్చింది. యూసుఫ్ ప్రభుత్వం వచ్చీ రాగానే విదేశీ చదువుల పథకాన్ని మళ్లీ మొదలుపెట్టింది. 2023 అక్టోబరులో బయలుదేరిన మొదటి బృందంలోని వందల మంది పిల్లలు దిగింది భారతదేశంలోనే.