గేర్ల మోత తగ్గాకే వచ్చిన విద్య

పాత డీజిల్ పికప్ వెనక ఇరుసులోంచి వచ్చే కూతను విని ‘క్రౌన్ పినియన్ అరిగింది’ అని తేల్చే విద్య మోటారు బండితోపాటే పుట్టిందనుకుంటాం. నిజానికి అది బండి కన్నా చిన్నది. మలుపులో వెనక చక్రాలు రెండూ వేర్వేరు వేగాలతో తిరిగేలా ఫ్రాన్సులో పెక్యూర్ అనే ఆయన 1820ల చివర్లోనే డిఫరెన్షియల్‌కు పేటెంటు పొందాడు. షాఫ్టుతో నడిచే తొలి కార్ల ఇరుసుల్లో తిరిగినవి తిన్నగా కోసిన పళ్ల బెవెల్ గేర్లు. పన్నుకు పన్ను ఒక్కసారిగా తగలడంతో కొత్త బండీ మోగేది, అరిగిన బండీ మోగేది. పన్ను విరిగితే ఠకఠక అప్పుడూ వినపడేది కదా అనొచ్చు. విరగడం వేరు, అరగడం వేరు. మెల్లగా పెరిగే అరుగుదల ఆ మోతలో కలిసిపోయేది.

1913లో అమెరికాలో ప్యాకార్డ్ కార్లలోకి గ్లీసన్ కంపెనీ యంత్రాలు కోసిన వంపు పళ్లు వచ్చాయి. ఒక పన్ను విడిచేలోపే ఇంకోటి పట్టు అందుకుంటుంది కాబట్టి మోత తగ్గింది. 1920ల మధ్యలో వచ్చిన హైపాయిడ్ గేర్లలో పినియన్ అనే చిన్న గేరును క్రౌన్ వీల్ అనే పెద్ద గేరు నడిమికంటే కిందికి దించారు. దాంతో ప్రొపెల్లర్ షాఫ్టూ, బండి అడుగూ కిందికి దిగాయి. అయితే ఈ పళ్లు దొర్లుతూనే ఒకదానిమీద ఒకటి జారతాయి. ఆ రాపిడికి మామూలు నూనె పొర నిలవక గంధకం కలిపిన నూనెలు అవసరమయ్యాయి. గేరాయిల్‌కున్న ఘాటు వాసన అక్కడిదే. ఇలా ఇరుసు మోత తగ్గాకే కూత జబ్బుకు గుర్తయింది.

మన దగ్గర 1988లో టాటామొబైల్ పికప్ వచ్చింది. అలాంటి బండి డీజిల్ ఇంజను హోరులో ఇరుసు గొంతు ఎలా తెలుస్తుందన్న సందేహం న్యాయమైనదే. జవాబు చెవి పదునులో లేదు, పోల్చి చూడటంలో ఉంది. బండి వేగం మార్చకుండా గేరు మారిస్తే ఇంజను స్వరం మారుతుంది, ఇరుసు కూత మారదు. టైరు మోత రోడ్డును బట్టి మారుతుందే తప్ప యాక్సిలరేటర్‌ను బట్టి కాదు. తొక్కినప్పుడే కూస్తే పన్నుకు ముందుకు తోసే వైపు, వదిలినప్పుడే కూస్తే రెండోవైపు అరిగినట్టు అనుమానించాలి. రెండు వేళలా గరగరమంటే పినియన్ బేరింగులను చూడాలి. మలుపులోనే మోగితే డిఫరెన్షియల్ లోపలి చిన్న గేర్లను. ముందుకూ వెనక్కూ మార్చినప్పుడు ఠంగుమంటే పళ్ల మధ్య ఆట పెరిగి ఉండొచ్చు, ప్రొపెల్లర్ షాఫ్టు కీలులోని క్రాసైనా అరిగి ఉండొచ్చు. అందుకే ఇరుసు విప్పేముందు షాఫ్టును చేత్తో తిప్పి చూడటం తప్పనిసరి.

డయల్ గేజీ ఉండగా చెవితో పనేమిటన్నది మరో అభ్యంతరం. గేజీ ఆటను కొలుస్తుంది, పళ్లకు పూసిన రంగు అవి ఎక్కడ తగులుతున్నాయో చూపిస్తుంది. కానీ రెండూ ఇరుసు విప్పాక చేసే పనులు. విప్పాలా వద్దా అన్నది చెవే చెప్పాలి. నూనె తీసేటప్పుడు డ్రెయిన్ ప్లగ్గు అయస్కాంతానికి బూడిదరంగు మెత్తటి ముద్ద అంటుకుంటే కంగారు లేదు, లోహపు పెచ్చులు కనిపిస్తే ఉంది. క్రౌన్ వీల్‌నూ పినియన్‌నూ తయారీలోనే ఒకదానితో ఒకటి అరగదీసి జత కుదురుస్తారు. ఖర్చు తగ్గుతుందని పినియన్ ఒక్కటే మారిస్తే, విప్పించిన ఆ కూతే మళ్లీ మొదలవుతుంది.