తెలుగునాట క్వాంటమ్ భౌతిక పరిశోధన

పరమాణువులు, ఎలక్ట్రాన్లు, ఫోటాన్ల తీరుతెన్నులను వివరించే శాస్త్రం క్వాంటమ్ భౌతికం. తెలుగునాట ఈ పరిశోధన 1930 దశకంలో వాల్తేరులో వేళ్లూనింది. కాంతిని కొలవడంతో మొదలై, క్వాంటమ్ కంప్యూటర్ల ఏర్పాటు దాకా వచ్చింది.

వాల్తేరు

కృష్ణా జిల్లాకు చెందిన సూరి భగవంతం (1909–1989) హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి, 1928లో కలకత్తా వెళ్లి సి.వి. రామన్ దగ్గర చేరారు. పదార్థం చెదరగొట్టిన కాంతిలో కొంత రంగు మారుతుందన్న రామన్ ఫలితం వెలువడిన ఏడాదే అది. ఫోటాన్‌కు స్పిన్ ఉందనడానికి ప్రయోగ నిదర్శనాన్ని రామన్, భగవంతం 1931లో ప్రకటించారు. మరుసటి ఏడాది భగవంతం వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు. స్ఫటికం సౌష్ఠవం తెలిస్తే, దాని కంపనాల్లో ఏవి రామన్ వర్ణపటంలో గీతలుగా కనిపిస్తాయో లెక్కగట్టి ముందే చెప్పవచ్చు. ఈ గణితాన్ని వివరిస్తూ టి. వెంకటరాయుడుతో కలిసి ఆయన రాసిన గ్రూపు సిద్ధాంత గ్రంథం 1948లో వెలువడింది. అక్కడే కె. రంగధామరావు వర్ణపటశాస్త్ర పరిశోధనను పెంచి పోషించారు.

హైదరాబాదు

హైదరాబాదు విశ్వవిద్యాలయంలో 1977 నుంచి 1995 వరకు పనిచేసిన గిరీశ్ అగర్వాల్ క్వాంటమ్ కాంతిశాస్త్రానికి అక్కడ పునాది వేశారు. అద్దాల నడుమ బంధించిన పరమాణువుపై, వెలుగు ఏమాత్రం లేకున్నా, శూన్యక్షేత్రం ప్రభావం వర్ణపట గీతను రెండుగా చీలుస్తుందని 1984లో సిద్ధాంతపరంగా చూపారు.

బిట్టు, క్యూబిట్టు

క్వాంటమ్ కంప్యూటర్ తీరు తెలియాలంటే ముందు మామూలు కంప్యూటర్ లెక్కను చూడాలి. దానికి పోలిక షోలాపూర్‌లోని తెలుగు నేతకారులైన పద్మశాలీల పేటల్లో దొరుకుతుంది. దుప్పట్లు నేసే జకార్డు మగ్గం పైన అట్టల దండ తిరుగుతుంటుంది. అట్టకు రంధ్రం ఉన్నచోట సూది దూరిపోతుంది, కొక్కెం పడుగు పోగును పైకెత్తుతుంది. రంధ్రం లేనిచోట అట్ట సూదిని వెనక్కి నెడుతుంది, పోగు కిందనే ఉండిపోతుంది. పోగు లేస్తే 1, లేవకుంటే 0: బిట్టు అంటే ఇంతే. క్వాంటమ్ కంప్యూటర్‌లోని క్యూబిట్టు ఈ రెండు స్థితుల మేళవింపులో ఉండగలదు. కొలిచినప్పుడు మాత్రం ఏదో ఒకటే బయటపడుతుంది. అందుకే తప్పు జవాబుల తరంగాలు ఒకదాన్నొకటి కొట్టేసుకునేలా, సరైనది బలపడేలా లెక్కను ముందే అమర్చుకోవాలి.

అమరావతి

కేంద్ర ప్రభుత్వం 2023 ఏప్రిల్ 19న రూ. 6,003.65 కోట్లతో జాతీయ క్వాంటమ్ మిషన్‌ను ఆమోదించింది. 2025 మేలో ఐబీఎం, టీసీఎస్‌లు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో కలిసి అమరావతి క్వాంటమ్ వ్యాలీని ప్రకటించాయి. 156 క్యూబిట్ల హెరాన్ ప్రాసెసర్ గల ఐబీఎం క్వాంటమ్ సిస్టమ్ టూను అక్కడ నెలకొల్పాలన్నది అప్పటి ప్రణాళిక. ఈ తరహా అతివాహక క్యూబిట్లను పరమ శూన్య ఉష్ణోగ్రతకు అతి చేరువగా చల్లబరచాలి. కాస్త వేడి, చిన్న అలజడి తగిలినా మేళవింపు చెదిరి లెక్క తప్పుతుంది. తప్పు దిద్దుకోగల ఒక్క క్యూబిట్టు కావాలంటే ఎన్నో క్యూబిట్లను జతచేయాలి. కొత్త మందులు, పదార్థాల రూపకల్పనలో ఈ యంత్రాలపై పెట్టుకున్న ఆశలు ఫలించడం ఈ దిద్దుబాటు మీదే ఆధారపడి ఉంది.