లారీ వదిలిన నూనె, కొలిమి నేర్పిన గాలి

కృష్ణగిరికి ఈరోజుకీ రైలు లేదు. తెల్లవాళ్ల కాలంలో ఉండేది. 20వ శతాబ్దం తొలి ఏళ్లలో తిరుపత్తూరు నుంచి కృష్ణగిరికి ఒకటి, మొరప్పూరు నుంచి ధర్మపురి మీదుగా హోసూరుకు ఇంకొకటి, రెండు నారోగేజి లైన్లు వేశారు. కరువొస్తే గింజలు చేరవేయడానికని వేసిన చిన్న బండ్లవి. రెండో ప్రపంచ యుద్ధకాలం వచ్చేసరికి రెండూ మూతపడ్డాయి, పట్టాలు పీకేశారు. హోసూరుకు తర్వాత బెంగళూరు–సేలం లైను వచ్చింది. కృష్ణగిరికి వచ్చినవి లారీలే. బెంగళూరు, చెన్నై, సేలం, పాండిచ్చేరి, ఎటు పోయే రోడ్డయినా ఆ ఊళ్లో కలవాల్సిందే. మా షెడ్లలో వేస్ట్ ఆయిలుతో మండే పొయ్యి ఎందుకు పుట్టిందో చెప్పాలంటే ఆ రైలు పోవడం దగ్గరే మొదలుపెట్టాలి.

లారీ నిలిచినచోట మెకానిక్కు ఉంటాడు. మెకానిక్కు ఉన్నచోట నల్లటి నూనె ఉంటుంది. ఒక లారీకి ఆయిలు మార్చితే పది పదిహేను లీటర్లకు తగ్గకుండా కిందికి దిగుతుంది. గేరుబాక్సుది, డిఫరెన్షియల్‌దీ వేరే. మా చిన్నప్పుడు ఆ నూనె కోసం ఊళ్లవాళ్లే డబ్బాలు పట్టుకుని వచ్చేవాళ్లు. ఇంటి దూలాలకు చెదలు పట్టకుండా పూసేవాళ్లు, ఎద్దులబండి ఇరుసుకు రాసేవాళ్లు, మేస్త్రీలు సెంట్రింగు పలకలకు పట్టించేవాళ్లు. మిగిలింది షెడ్డు వెనక గుంతలో ఇంకిపోయేది. ఆ గుంతల పక్కన గడ్డి మొలవకపోవడం అందరం చూశాం.

నేను కెలమంగలం పక్క కమ్మరి ఇంట్లో పుట్టినవాణ్ణి. మా నాయనకు నూనెతో పని లేదు. ఆయన మంట బొగ్గుది. ఈ నేలలో ఇనుము కరిగించిన చరిత్ర ఎంత పాతదో ఈమధ్యే తెలిసింది. కృష్ణగిరి జిల్లా మయిలాడుంపారైలో తవ్వకాల్లో దొరికిన ఇనుము క్రీ.పూ. 2172 నాటిదని 2022లో తమిళనాడు ప్రభుత్వం ప్రకటించింది. ఆ వార్త చదివిన రోజు నాకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు. పొలాలు దున్నేటప్పుడు పైకి తేలే ఇనుపచిట్టెం గడ్డల్ని మా అవ్వ గట్టుకు విసిరేస్తూ ఉండేది. అవి ఎవరి కొలిమిలోంచి వచ్చాయోనని అప్పుడు ఎవరూ ఆలోచించలేదు.

వేల ఏళ్లు నడిచిన ఆ పనికి అడ్డం పడింది ఖనిజం కాదు, బొగ్గు. మా తాలూకాలు అప్పట్లో సేలం జిల్లాలోవి. ఆ జిల్లా ఇనుపరాతిని నమ్ముకుని జోసయా మార్షల్ హీత్ అనే ఈస్టిండియా కంపెనీ మాజీ ఉద్యోగి 1830ల్లో సముద్రం ఒడ్డున పరంగిపేటలో పెద్ద కర్మాగారం పెట్టాడు. కట్టెబొగ్గుతో నడిచే ఫర్నేసు అది. రాయి దొరికినంత సులువుగా బొగ్గు దొరకలేదు. చుట్టుపక్కల అడవి తరిగేకొద్దీ దూరం నుంచి తేవాల్సి వచ్చింది. ఆ కర్మాగారం నష్టాల్లోంచి తేరుకోకుండానే ఆరిపోయింది. తర్వాత 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. దెంకణికోట, అంచెట్టి అడవుల్లో బొగ్గు కాల్చుకోవడం కమ్మరికి హక్కు కాకుండా పోయి, అడిగి తెచ్చుకునేదయింది. నాయన కాలానికి అంగడి బొగ్గే దిక్కు. గట్టి పనికి రాక్షసిబొగ్గు. మేకతోలు తిత్తి పోయి చేత్తో తిప్పే చక్రం బ్లోయరు వచ్చింది. ఆ చక్రం తిప్పింది నేనే. నాయన ఇనుమును చూసేవాడు కాదు, మంటను చూసేవాడు. "గాలి తగ్గించప్పా, ఇనుము కాలిపోతుంది" అంటే, నాకు కనబడనిది ఆయనకు మంటలో కనబడిందన్నమాట.

1970ల్లో హోసూరులో సిప్కాట్ పారిశ్రామిక వాడ లేచింది. 1980లో అశోక్ లేలాండ్ కర్మాగారం, అదే ఏడు టీవీఎస్ 50 మోపెడ్, కొన్నేళ్లకు టైటాన్ వాచీలు. పల్లెల్లో కొలిమి ఆర్పేసి కమ్మరి పిల్లలు టర్నర్లు, ఫిట్టర్లు అయ్యారు. నేనూ అట్లాగే లేత్ నేర్చుకుని తర్వాత సొంత షెడ్డు పెట్టాను. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మోపెడ్లు ఎన్ని వచ్చినా మాకు నూనె రాలేదు. అది టూ స్ట్రోక్ ఇంజను. ఆయిలు పెట్రోలులో కలిసి లోపలే కాలిపోతుంది, కిందికి దిగేదేమీ ఉండదు. పొయ్యికి నూనె ఇచ్చింది లారీలు, ట్రాక్టర్లు, జనరేటర్లు.

హోసూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. తెల్లదొరలు లిటిల్ ఇంగ్లండ్ అనేవాళ్లని ఊళ్లో చెప్పుకుంటారు. ధనుర్మాసంలో రేకుల షెడ్డులో పొద్దున ఆరుకు స్పానర్ పట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతాయి. కానీ మాకు వెచ్చదనం ఒక్కటే కావాలంటే చితుకులు చాలు. బేరింగు షాఫ్టుకు ఎక్కాలంటే దాన్ని నూరు డిగ్రీలకు కాస్త పైన వేడి చేసి వ్యాకోచింపజేయాలి. ఉలులు, పంచులు కాల్చి పదును పెట్టాలి. వంగిన కడ్డీ సరిచేయాలి. గ్యాసు ఖరీదు, కిరసనాయిలు కార్డు మీద కొలిచి ఇచ్చేది, డీజిల్ పోసి మండించే స్తోమత లేదు. వాకిట్లో పీపాల నిండా నల్ల నూనె. లీటరు ఇంజనాయిల్లో దాదాపు పది యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి ఉంటుంది. దాన్ని గుంతలో పోయడం కమ్మరి కొడుకు చూస్తూ ఊరుకోగలిగింది కాదు.

అయితే ఆ నూనె అంత తేలిగ్గా అంటుకోదు. అగ్గిపుల్ల గీసి వేస్తే పుల్లే ఆరిపోతుంది. ఇంజనాయిలు రెండు వందల డిగ్రీలు దాటితే గానీ మండే ఆవిరి ఇవ్వదు. మండేది నూనె కాదు, ఆ ఆవిరి. కాబట్టి పొయ్యి అంటే మొదట నూనెను ఆవిరి చేసే వేడి గిన్నె. ఆ తర్వాత ఆవిరికి సరిపడా గాలి. ఈ రెండూ కుదిరితే మిగతాదంతా పాత ఇనుమే.

గిన్నెకు మా దగ్గర లేలాండ్ లారీ బ్రేక్ డ్రమ్మును మించింది లేదు. పోతఇనుము, మందం, వేడిని పట్టి ఉంచుతుంది. దాని మీద నిలువుగా పాత బోరు కేసింగు పైపు ముక్క. పైపు చుట్టూ వరుసలుగా బెజ్జాలు. చుట్టూ రెండు వందల లీటర్ల డ్రమ్ము, దాని పైనుంచి రేకు కప్పును దాటి మూడు నాలుగు అడుగులు లేచే పొగగొట్టం. గొట్టం ఎంత నిటారుగా, ఎంత ఎత్తుగా ఉంటే గాలి అంత బాగా లాగుతుంది. మలుపులు పెడితే లాగదు. నూనె డబ్బా గోడకు ఎత్తుగా, పొయ్యికి దూరంగా. అక్కణ్ణుంచి రాగి గొట్టం, దానికి సన్నటి నీడిల్ కాక్. గొట్టాన్ని నేరుగా గిన్నెలోకి దింపకూడదు. మధ్యలో ఒక గరాటు పెట్టి అందులోకి చుక్కలుగా పడనివ్వాలి. అప్పుడు ఎన్ని చుక్కలు పడుతున్నాయో కంటికి కనబడుతుంది, మంట వేడి గొట్టం వెంట డబ్బాదాకా ఎక్కదు.

వెలిగించే ముందు నూనె సంగతి చూసుకోవాలి. పీపాలో వారాల తరబడి కదపకుండా ఉంచితే నీళ్లూ మడ్డీ అడుగుకు దిగుతాయి. అడుగు కాక్ తిప్పి వాటిని వదిలేయాలి. చుక్క నూనె కాలిన రేకు మీద వేస్తే చిటపట అన్నదంటే నీళ్లు ఇంకా ఉన్నాయని. నీళ్లు ఆవిరైతే పదహారు వందల రెట్లు ఉబ్బుతాయి. ఎర్రగా కాలిన గిన్నెలో అది పడితే నూనెను మొహం మీదికి చిమ్ముతుంది. పెట్రోలు కలిసిన నూనె అసలు దగ్గరికి రానివ్వకూడదు. లేత్ కింద పడే కటింగ్ ఆయిలు, ట్రాన్స్‌ఫార్మర్ ఆయిలు ఈ పొయ్యివి కావు. కటింగ్ ఆయిల్లో సగానికి పైగా నీళ్లు, పైగా మందులు. పాత ట్రాన్స్‌ఫార్మర్లలో మంటకు విషమయ్యే రసాయనాలు ఉండేవి.

కిరసనాయిల్లో తడిపిన కాటన్ వేస్టు గిన్నెలో వేసి వెలిగిస్తాం. గిన్నె కాలాక నూనె చుక్కలు. ఇక్కడే తొందర పనికిరాదు. మంట ఆరిపోతే, వేడి గిన్నెలో మళ్లీ నూనె పోసి అగ్గి చూపించడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. పేరుకున్న ఆవిరి ఒక్కసారి భగ్గుమంటుంది. చల్లారేదాకా ఆగాలి. పక్కన ఇసుక బకెట్ ఉండాలి, నీళ్లు కాదు.

శ్రుతి చేయడమంటే చుక్కకూ గాలికీ పొత్తు కుదర్చడం. పసుప్పచ్చగా, బద్ధకంగా, కొసలు నల్లబడి మండుతుంటే నూనె ఎక్కువ, గాలి తక్కువ. గొట్టం పైన నల్లపొగ, లోపల మసి. మంట గిన్నెను వదిలి పైకి ఎగిరిపోతూ, గొట్టంలోంచి తెల్లపొగా కమురు వాసనా వస్తుంటే గాలి ఎక్కువై ఆవిరి మండకుండానే పోతోందని. సరైన మంట అడుగున నీలంగా, పైన నారింజ రంగులో, సన్నగా రొద చేస్తూ నిలబడుతుంది. బయటికొచ్చి చూస్తే గొట్టం పైన పొగ ఉండదు, గాలి అదరడం మాత్రం కనబడుతుంది. బెజ్జాలన్నీ అడుగునే వేస్తే ఈ మంట రాదు. కిందివరుస నూనెను ఆవిరి చేసేటంత మంటకు, పైవరుసలు ఆ ఆవిరి పూర్తిగా కాలడానికి. మా షెడ్డు పైపుకు పైవరుసల్లో బెజ్జాలు పెంచాకే మసి తగ్గింది.

కొత్తవాళ్లను అందరికన్నా ఎక్కువ ఏడిపించేది చలి. పొద్దున నూనె చిక్కగా ఉంటుంది, కాక్ బాగా తిప్పితే గానీ చుక్క పడదు. గంటకు షెడ్డు వేడెక్కుతుంది, నూనె పలచబడుతుంది, అదే కాక్‌లోంచి రెట్టింపు పడుతుంది. మంట పెరుగుతుంది, షెడ్డు ఇంకా వేడెక్కుతుంది, నూనె ఇంకా పలచన. చూసుకోకపోతే డ్రమ్ము ఎర్రబడుతుంది. ఇంకోపక్క డబ్బాలో మట్టం తగ్గేకొద్దీ చుక్క నెమ్మదిస్తుంది. దీనికి కృష్ణగిరి మెకానిక్కు ఒకాయన చూపిన ఉపాయం నాకు చాలా ఇష్టం. పెద్ద పీపాకూ కాక్‌కూ మధ్య చిన్న డబ్బా, అందులో నీళ్ల తొట్టికి పెట్టే ఫ్లోట్ వాల్వు. మట్టం ఎప్పుడూ ఒకటే. పీపా బయటి గోడకు ఉంటుంది కాబట్టి నూనె చిక్కదనమూ పెద్దగా మారదు. ఆయన బడికి పోయింది కొద్దికాలమే. ద్రవాల ఒత్తిడి గురించి ఆయనకున్న జ్ఞానం పుస్తకాల్లో లేనిది కాదు, కానీ ఆయన పుస్తకంలో చూసి తెలుసుకున్నది కాదు.

ఉలి కాల్చాలంటే ఈ సహజమైన లాగుడు చాలదు. అప్పుడు నాయన బ్లోయరును దీనికి తగిలించాను. మంట తెల్లబడుతుంది. ఉక్కు ఏడు వందల డెబ్భై డిగ్రీల దగ్గర అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. అది దాటి ఇంకాస్త కాలాక నూనెలో ముంచుతాం. తర్వాత మళ్లీ నెమ్మదిగా వేడి చేస్తే మొహం మీద ఎండుగడ్డి రంగు, గోధుమరంగు, ఊదా వరసగా పాకుతాయి. ఉలికి ఊదా దగ్గర ఆపాలి. ఈ రంగుల లెక్క నాయనది. ఇంధనం మారినా అందులో ఒక్క అక్షరం మారలేదు.

అమెరికాలో మదర్ ఎర్త్ న్యూస్ అనే పత్రిక 1978లో ఇట్లాంటి పొయ్యి ప్లాను అచ్చువేసింది. పాత నీళ్ల హీటరు తొట్టితో చేసింది. అక్కడ గరాజుల్లో మంచుకాలం బతకడానికే అది. తర్వాత అక్కడి ప్రభుత్వం గంటకు అయిదు లక్షల బీటీయూ మించకుండా, పొగ బయటికి పోయేటట్లు ఉంటే సొంత షెడ్డు నూనెను కాల్చుకోవచ్చని నియమం పెట్టింది. మన దేశం ఇంకో దారి పట్టింది. 1989లో ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు వచ్చాయి. 2016 నిబంధనల ప్రకారం వాడిన నూనె అనుమతి ఉన్న రీసైక్లరుకే పోవాలి. 2023 సవరణతో, 2024 ఏప్రిల్ నుంచి, నూనె తయారుచేసేవాళ్ల మీదే దాన్ని వెనక్కి తెప్పించే బాధ్యత పడింది.

నేను ఈ దారే సరైనదంటాను. ఆ పొయ్యి గిన్నెలో మిగిలే బూడిద గట్టిగా, తెల్లగా, చిట్టెంలాగా పట్టుకుంటుంది. దాన్ని ఉలితో గీకినవాడికి తెలుస్తుంది అందులో ఎంత జింకు, ఎంత లోహపు పొడి ఉందో. గిన్నెలో మిగిలింది పోగా మిగతాది గొట్టంలోంచి ఊరి మీదికి పోయింది. 2000 దాకా మన పెట్రోల్లో సీసం కలిసేది, కారు నూనెలో అదీ ఉండేది. నూనెను శుద్ధి చేస్తే మళ్లీ నూనె వస్తుంది, కాల్చితే ఒక్కసారే.

ఇప్పుడు మా నూనె రీసైక్లర్ బండికి పోతుంది. బేరింగులకు కరెంటు హీటరు వచ్చింది. బ్రేక్ డ్రమ్ము, కేసింగు పైపు, ఫ్లోట్ డబ్బా మాత్రం నా దగ్గరున్నాయి. వాటి కొలతలన్నీ తెలుగులో రాసి పెడుతున్నాను. బర్గూరులో ఇంకా ఇద్దరి పొయ్యిలు చూడాల్సి ఉంది. వాళ్లు పైవరుస బెజ్జాలు ఎంత ఎడంగా వేశారో అడగాలి.